అఖిలాండమ్మ ఏకపాఠం

భాద్రపద బహుళ పాడ్యమి

తెల్లవారగానే పొగమంచును పట్టే వలలు దించి నీరు పిండుకొన్నాను. గాలి సముద్రం వైపునుంచి వీచినందున నీటిలో ఉప్పు కలిసింది. రెండుసార్లు వడగట్టినా నాలుకకు తెలుస్తూనే ఉన్నది. తర్పణానికి సరిపోతుంది, త్రాగడానికి పనికిరాదు. పితృదేవతలు మనకంటె సర్దుకొనే స్వభావం గలవారని తలచి పాత్ర నింపాను.

నువ్వులూ నీళ్ళూ వదలి, కిటికీ అద్దాలమీద పేరుకొన్న ఉప్పు తుడుస్తూ ఉండగా చెవి వెనుక పొదిగిన స్మరణి చీమ కుట్టినట్లు అదిరింది. స్మృతిశాల నుంచి వర్తమానం. కీర్తిశేషురాలు అఖిలాండమ్మగారి ఏకపాఠం మహాలయ అమావాస్యనాడు బంధింపబడునట. సోదరులైన శితికంఠంగారు తప్పక హాజరు కావలెనట.

అఖిలాండమ్మ మా అక్క. ఆషాఢంలో పోయింది. నేను పుట్టకమునుపే మా నాన్న ఎక్కిన పడవ తిరిగి రాలేదు. నాకు నడక రాకముందే అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పధ్నాలుగేళ్ళు. ఆనాటినుంచి అన్నం, అక్షరం, దెబ్బ, మూడూ నాకు ఆమె చేతినుంచే వచ్చాయి. మొదటి రెండూ కొలిచి ఇచ్చేది, మూడవది కొలవకుండా ఇచ్చేది.

ఈ నగరంలో చనిపోయినవారిని మరచిపోవడమన్నది లేదు. ఒకరు పోతే బంధువులందరూ స్మృతిశాలలో కూర్చొని, తమ స్మరణులలోని జ్ఞాపకాలను ఒక్కచోట పోస్తారు. ఎక్కువమందిలో ఏకీభవించినది నిలుస్తుంది. ఏకీభవించనిది అందరి మనసులలోనుంచీ రాలిపోతుంది. నిలిచినదాన్ని ఆ ఇంట పుట్టే ప్రతి బిడ్డకూ పోస్తారు. అందుచేత ఇక్కడి పిల్లలు చూడని తాతను సైతం చూసినట్లే తలచుకొంటారు. పూర్వం ఎవరి జ్ఞాపకాన్ని వారికే వదలివేసిన రోజులలో, ఒకే తలలో ఇద్దరు నాయనమ్మలను మోయలేక పిల్లలకు మతి చలించిందనీ, ఆ కారణంగానే ఈ శాసనం వచ్చిందనీ చెబుతారు. కావచ్చు.

నేను బ్రతుకంతా పాఠాలు పరిష్కరించినవాడిని. మునిగిపోయిన గ్రంథాలయాలనుంచి పైకి తీసిన ప్రతులను ఆరబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి, కవి అన్న మాట ఏదో తేల్చడం నా వృత్తి. పాఠాంతరాలను ఎన్నడూ పారవేయలేదు. పుట అడుగున, చిన్న అక్షరాలలోనైనా, వాటికి చోటిచ్చాను. మనిషికి ఆ అడుగుచోటు కూడా లేదు.

తదియ

మందాకిని ఇంట అందరూ కూడారు. మందాకిని అక్క కూతురు. ఆమె తమ్ముడు కేదారు. వారి పిల్లలు, కోడళ్ళు. సభకు ముందు ఇంట్లో ఒకమారు చెప్పుకోవడం ఇప్పుడు ఆచారమైపోయింది. పెండ్లికి ముందు తాంబూలాలు పుచ్చుకోవడం వంటిదే, ఎవరూ మాట తప్పకుండా.

ఒక్కొక్కరే చెప్పారు. అక్క ఎన్నడూ గొంతెత్తి ఎరుగదట. తన వంతు నీళ్ళు ఇరుగుపొరుగుకు పంచేదట. పిల్లలను ఒక్క మాట అనేది కాదట.

"ఏ అఖిలాండమ్మ?" అని అడిగాను.

కేదారు నవ్వాడు. "మన ఇంట్లో ఒకావిడే కదా మామయ్యా."

"మీ అమ్మ నాలుగో అంతస్తులో నిలబడి నిన్ను పిలిస్తే ఏడో అంతస్తులో పిల్లులు వలల కింద దూరేవి. పొరుగావిడ చెంబుడు నీళ్ళు అడిగితే, నీ వలకు చిల్లు పడింది, కుట్టుకోవడం చేతకాదా, సూది కావాలంటే పట్టుకుపో అన్నది. నేను అక్కడే ఉన్నాను."

"సూది ఇచ్చింది కదా. అదీ పంచడమే."

అందరూ నవ్వారు. మందాకిని నవ్వలేదు. పళ్ళెంలోని నువ్వుల ఉండలు నా వైపు జరిపి, "తిను మామయ్యా. నోట్లో ఏదైనా ఉంటే కాసేపు ఊరుకుంటావు," అన్నది. అక్షరాలా అక్క మాటతీరు. ఆ సంగతి ఆమెకు తెలిసినట్లు లేదు.

"అబద్ధానికి నన్ను సాక్షిగా కూర్చోబెడుతున్నారు," అన్నాను.

"పుస్తకాల లెక్క ఇక్కడ పెట్టకు. ఈ నెల తిరిగేసరికి నా కూతురు కంటుంది. పుట్టిన పిల్లకు కళ్ళు తెరవగానే తాతమ్మ తిట్లు వినబడాలా?"

"వినబడితే ఏం? నేను విన్నాను. బతికాను."

"బతికావు. పెళ్ళీ పెటాకులూ లేకుండా, తడిసిన పుస్తకాలతో."

కోడళ్ళు తలలు దించుకొన్నారు. కేదారు తీగబండి దాకా వచ్చి నన్ను ఎక్కించాడు. "మా అక్క మాటలు పట్టించుకోకు మామయ్యా. అయినా నువ్వు ఒక్కడివి, మేం ఇంతమందిమి. నువ్వు చెప్పినా నిలవదు కదా, చెప్పి ఎందుకు అందరి చేతా అనిపించుకోవడం?" అన్నాడు. అతడు మంచివాడు. మంచివారితో వాదించడం కష్టం.

పంచమి

స్మృతిశాలకు వెళ్ళాను. మా సభను నడపవలసిన పాఠకర్త పేరు త్రివేణి. నడివయసు మనిషి. ఎదుటివారి దుఃఖాన్ని రోజూ చూసేవారికి వచ్చే ఒక విధమైన శుభ్రత ఆ ముఖంలో ఉన్నది.

"అమ్మా, మా అక్కను గురించి సాక్ష్యం చెప్పబోయేవారందరూ మందాకిని నోట విన్నవారే," అన్నాను. "ఒక మాతృకనుంచి దిగిన ప్రతులు ఎన్ని ఉన్నా అవి ఒక్క ప్రతి కిందే లెక్క. పరిష్కరణలో ఇది మొదటి సూత్రం. తలలు లెక్కపెట్టి పాఠం నిర్ణయించకూడదు."

"పండితులవారూ, మీ ప్రతులు ఒకదాన్నొకటి చూసుకుని ఏడవవు. మావి ఏడుస్తాయి. పోయినేడు ఇదే గదిలో అన్నదమ్ములిద్దరు తండ్రి గురించి జుట్లు పట్టుకున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు."

"అయితే రెండూ ఉంచవలసింది."

"ఎవరి తలలో?"

 శాస్త్రం చదివినవాడికి జవాబు తోచకపోతే ప్రశ్న మార్చడం అలవాటు. "నేను సమ్మతించకపోతే?" అని అడిగాను.

"స్మరణి తీసేస్తాం. నొప్పి ఉండదు. మీ అక్కగారు మీరు చూసినట్టే మీకు మిగులుతారు. కానీ ఇంతకుముందు స్మరణిలో పోసిన పాఠాలన్నీ దానితో పోతాయి. మీకు ఎవరివి ఉన్నాయి?"

"ఒక్కటే. మా అమ్మది. నాన్న పడవ తిరిగి రాలేదు, ఆయనకు సభ జరగలేదు."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకొన్నది. "ఆలోచించుకోండి," అన్నది. "అమావాస్య దాకా సమయం ఉంది."

తీగబండిలో తిరిగి వస్తూ కన్నులు మూసుకొని అమ్మను చూసుకొన్నాను. నా స్వంత జ్ఞాపకం కాదు, పోసినదే. అయినా అంతకంటె స్వంతమైనది నా దగ్గర మరొకటి లేదు. అమ్మ నన్ను ఒడిలో కూర్చోబెట్టుకొంటుంది. మజ్జిగ అన్నం మెత్తగా మెదిపి ముద్ద నోటికి అందిస్తుంది. జ్వరం వస్తే తన చెంప నా నుదుట ఆనించి, వేడి తగ్గేదాకా అలాగే కూర్చుంటుంది. వాన పడే వేళ చెవిలో కందపద్యాలు చెబుతుంది. నేను నిద్రపోయానని తెలిసినా పద్యం మధ్యలో ఆపదు, పూర్తిచేసి ఆపుతుంది. ఛందస్సు నాకు అబ్బినది అక్కడే. గురువులెందరో తరువాత వచ్చి లక్షణం చెప్పారు. ఆ నడక మాత్రం ఆ ఒడిలోనిది.

దానిని ఇచ్చివేస్తే తప్ప అక్క నాకు దక్కదట.

సప్తమి

వలలో రెండు చోట్ల నూలు తెగింది. కూర్చొని ముడివేస్తూ రోజంతా అక్క మాటలు తలచుకొన్నాను. వల్లె వేసుకొన్నానంటే సరిగా ఉంటుంది.

నాకు జ్వరం వచ్చినప్పుడు అక్క గడప దాటి లోపలికి వచ్చేది కాదు. వాకిట నిలబడి, "లేవడం చేతకాకపోతే చెప్పు, వలలు నేనే దించుకుంటాను. మూలుగు మాత్రం నాకు వినిపించకు," అనేది. మందు గిన్నె నేలమీద పెట్టి కాలితో లోపలికి నెట్టేది. పద్యం అప్పజెప్పేటప్పుడు ఒక అక్షరం జారితే చన్నీళ్ళు ముఖాన కొట్టేది. ఆ వారం నీటి వంతు ఎంత తక్కువైనా, అందుకు మాత్రం లోటు చేసేది కాదు.

నగరసభలో నాకు కంకణం తొడిగిన రోజున ముందువరుసలో కూర్చొన్నది. సభ ముగిశాక పాదాలకు నమస్కరించాను. "చేతికి వేసిన బంగారం కంటే పంచెమీద పడిన మరక బాగా కనబడింది శితీ. అందరూ అదే చూశారు," అన్నది. ఇంటికి వచ్చి చూసుకొంటే గోరంత మరక. అంత దూరం నుంచి అది కనబడాలంటే సభ జరిగినంతసేపూ మరి దేనినీ చూసి ఉండకూడదు.

ఇది నేను ఇవాళ గ్రహించిన విషయం కాదు. ఎప్పుడూ తెలుసు. ఆమె నన్ను చూసేది. మెచ్చుకోలు ఇచ్చేవారు నాకు కావలసినంతమంది దొరికారు. వారెవరూ మరకను చూడలేదు. అందుచేతనే చిరునవ్వుల అఖిలాండమ్మను నా తలలో పోయబోతున్నారంటే నాకు అపరిచితురాలెవరినో తెచ్చి అక్క మంచం మీద పడుకోబెట్టినట్లున్నది. వాదించి గెలవలేను. ఇక స్మరణి తీయించుకోవడమే మార్గమని ఈ సాయంకాలం నిశ్చయించుకొన్నాను. అమ్మను ముసలితనంలో మరొకసారి పోగొట్టుకొంటాను. అంతే కదా.

దశమి

మధ్యాహ్నం మందాకిని వచ్చింది. నా నిశ్చయం స్మృతిశాలకు తెలియజేశాను. వారు ఆమెకు తెలియజేసినట్లున్నారు. చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చింది.

"స్మరణి తీయించుకుంటావట."

"అవును."

"పిల్ల పుట్టబోతూ ఉంటే, ఇంట్లో పెద్దవాడు సభలోంచి లేచి వెళ్ళిపోయాడని ఊరంతా చెప్పుకోవాలి. నీకు కావలసింది అదేనా?"

"నాకు కావలసింది మీ అమ్మ. మీరు కడుతున్నది ఆవిడను కాదు."

ఆమె కూర్చొన్నది. నా చేతిలోని వలను చూసింది. "నాకు తొమ్మిదో ఏట వేలు నలిగింది, తీగబండి తలుపులో," అన్నది. "ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరుగెత్తాను. దగ్గరికి తీసుకుంటుందేమో అని. వేలు చూసింది, కట్టు కట్టింది, తలుపు చూసుకుని నడవలేవా అని వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ ఇప్పుడు కూడా నాకు తగులుతూనే ఉంది మామయ్యా. నీకు ఆ తిట్లు కంకణాలు. నాకు కావు. అవి లేకుండా ఒక్కరోజైనా మా అమ్మను తలుచుకోవాలని ఉంది."

"అందుకని అబద్ధం కట్టుకొంటావా? చనిపోయినవారి మీద అబద్ధం?"

అప్పుడు ఆమె ముఖం మారింది. "నువ్వు మోస్తున్నది ఏమిటి మరి?" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"చివరి నెలలో అమ్మ నాకు చెప్పింది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టుమీద పెడుతున్నాను, విను. అమ్మమ్మ నిన్ను ఎత్తుకోలేదు. ఒక్కసారి కూడా. తాతయ్య పడవ రాదని తెలిసిన రోజు గోడవైపు తిరిగి పడుకుంది. నువ్వు పుట్టాక కూడా ఇటు తిరగలేదు. నువ్వు ఏడిస్తే చెవులు మూసుకునేదట. అలాగే పోయింది."

"మందా."

"అమ్మమ్మ ఏకపాఠం సభలో సాక్షి అమ్మ ఒక్కతే. పోల్చడానికి ఇంకొకరు లేక ఆవిడ తలలోంచి ఏదీ రాలలేదట. మీ అమ్మ ఈ పసివాణ్ణి ఎలా చూసుకునేది అని అడిగారట. పధ్నాలుగేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? తను నీకు చేసినవన్నీ అమ్మమ్మ చేసినట్టు చెప్పేసింది. ముద్దలు తినిపించిందీ, పద్యాలు చెప్పిందీ, అన్నీ. నాకు ఇంకేం తెలుసే, అమ్మంటే ఎలా ఉండాలనుకున్నానో అలా వాడి దగ్గర ఉన్నాను, అదే చెప్పాను అంది."

నేను వలను క్రింద పెట్టాను.

"తర్వాత నీ దగ్గర మెత్తగా ఉంటే పోల్చుకుంటావని భయపడింది. చేతులు దూరంగా పెట్టుకుంది. గట్టిగా మాట్లాడటం నేర్చుకుంది. మేం పుట్టేసరికి అదే ఆవిడ గొంతైపోయింది. మార్చుకోవాలన్నా రాలేదట. నీకు ఒక అమ్మనిచ్చింది మామయ్యా. మాకు లేకుండా చేసింది. ఇప్పుడు నేనూ ఒకదాన్ని కట్టుకుంటున్నాను. నీకు ఉండొచ్చు, నాకు ఉండకూడదా?"

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, అక్కడి అద్దం మీద నేను వదలివేసిన ఉప్పును కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

ఏకాదశి

ఉపవాసం. తినబుద్ధి కూడా లేదు కనుక పుణ్యమేమీ ఉండదు.

ఉదయంనుంచి ఒక ప్రతిని పరీక్షించినట్లు అమ్మను పరీక్షించాను. కర్తృత్వం విషయమై సందేహం కలిగితే పరిష్కర్త చేయవలసిన పని ఒకటే. పేరును ప్రక్కన పెట్టి చేతివాటం చూడాలి.

అమ్మ ముద్ద కలిపేది ఎడమచేత్తో. అక్కది పుర్రచేతి వాటం. పదిమందిలో కుడిచేత్తో వడ్డించవలసి వచ్చి, గరిటె తొణికించుకొని మాట పడేది. వాటం అమ్మనుంచి అక్కకు వచ్చిందని అనుకొన్నాను. అంతటితో ఆలోచన ఆపివేశాను. వంశపారంపర్యమన్న మాట ఎంత సోమరిదో ఇవాళ తెలిసింది.

ఆ ఒడి చిన్నది. మోకాళ్ళ ఎముకలు నాకు గుచ్చుకొనేవి. ఇద్దరు బిడ్డల తల్లి ఒడి కాదది.

ఆ పద్యాలు చెప్పే గొంతు సన్ననిది. పాదం చివర ఊపిరి చాలక కొంచెం తడబడుతుంది. దానిని నేను మాధుర్యం అనుకొన్నాను. నా మొదటి గ్రంథం పీఠికలో ఆ గొంతుకే నమస్కరించాను, అమ్మ పేరు పెట్టి. ఆ పీఠిక అక్క చేత చదివించాను కూడా. చదివి, "అమ్మను గురించి బాగా రాశావు. తక్కినదంతా దిద్దాలి," అన్నది.

రాజులకోసం, తండ్రులకోసం కావ్యాలు వ్రాసి వారి పేరు పెట్టి తాము తప్పుకొన్న కవులను ఎందరినో పట్టుకొన్నాను. ఒక సీసపద్యం నడక చూసి, ఇది ఫలానా చేతిది, ఎవరి పేరు పెట్టినా దాగదు అని సభలలో గట్టిగా చెప్పినవాడిని. నాకు తినిపించిన చేయి ఎవరిదో నాకు తెలియలేదు.

మందాకిని చెప్పినది నిజం. సందేహం లేదు.

త్రయోదశి

త్రివేణిని మరల కలిశాను. విషయం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఇటువంటివి ఆమె వినడం మొదటిసారి కానట్లున్నది.

"అయితే మీకు ఇంకో దారి ఉంది," అన్నది. "కట్టిన పాఠాన్ని మోస్తున్నవారందరూ ఒప్పుకుంటే దాన్ని తిరిగి విప్పవచ్చు. మీ అమ్మగారి పాఠాన్ని అఖిలాండమ్మగారు తన పిల్లలకు పోయించలేదు కనుక మోస్తున్నవారిలో మీరొక్కరే మిగిలారు. మీరు సరేనంటే అందులో ఉన్నదంతా అఖిలాండమ్మగారి పేరిట రాస్తాం. అది నిజమైన జ్ఞాపకం కనుక మందాకినిగారికీ చెందుతుంది, పుట్టబోయే పిల్లకూ. ఎవరూ ఏమీ కట్టుకోనక్కరలేదు."

"మా అమ్మ?"

"గోడవైపు తిరిగి ఉంటారు. అంతకుమించి ఆవిడ గురించి సాక్ష్యం లేదు కదా."

నేను బయటికి వచ్చి మెట్లమీద కూర్చొన్నాను. క్రింద తర్పణాలు వదిలేవారి రద్దీ. సముద్రం ఒడ్డున నిలబడి, ఇంటినుంచి తెచ్చుకొన్న మంచినీళ్ళను దోసిళ్ళతో ఉప్పునీళ్ళలోకి వదులుతున్నారు.

ఉన్న దారులు చూసుకొన్నాను. స్మరణి తీయించుకొంటే నాకు మిగిలేది కాలితో మందు గిన్నె నెట్టిన అక్క. అమ్మ పేరిట ఉన్న మెత్తని చేయి పోతుంది. సభలో సమ్మతిస్తే ఆ చేయి మరొకరి పేరిట మిగులుతుంది, గట్టి గొంతు పోతుంది. పాఠాన్ని విప్పిస్తే అక్క చేతులు అక్కకు వస్తాయి. ఒక చనిపోయిన స్త్రీని మాత్రం శాశ్వతంగా గోడవైపు త్రిప్పినవాడిని అవుతాను. అక్క పధ్నాలుగేళ్ళ వయసులో ఆవిడను ఇటు త్రిప్పింది. అందుకు వెల బ్రతుకంతా కట్టింది, తన కడుపున పుట్టినవారి చేత కూడా కట్టించింది. అర్హత గల తీర్పరి ఎవరంటే ఆమే. ఆమె తీర్పును కొట్టివేసేందుకు నేనెవరిని?

మూడవ దారి సత్యమైనది. నా వృత్తి అంతా ఆ దారివైపే వేలు చూపుతున్నది. వృత్తి మాట వినదలచుకోలేదు.

తిరిగి లోపలికి వెళ్ళి, "అమ్మ పాఠం జోలికి పోవద్దు. స్మరణి కూడా తీయవద్దు. అమావాస్యకు వస్తాను," అని చెప్పాను.

"అందరితోపాటు సమ్మతిస్తారా?"

"సమ్మతిస్తాను. ప్రక్షిప్తాన్ని కాపాడుకోవడానికి మూలాన్ని వదులుకొంటున్న పరిష్కర్తను మీరు ఇదివరలో చూసి ఉండరు."

ఆమెకు ఆ మాట అర్థమయిందో లేదో తెలియదు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది. ఉప్పు లేని నీళ్ళు.

చతుర్దశి

మందాకిని ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె వంటింట్లో ఉన్నది. చేతిలోని పని ఆపలేదు.

"నామీద జాలిపడి వస్తున్నావా?" అన్నది.

"కాదు. నాకు ఒకరు చేసిన పనిని నీకు చేయకుండా అడ్డం పడితే బాగుండదని వస్తున్నాను."

"నేను చెప్పకుండా ఉండవలసింది."

"రేపు మధ్యాహ్నం తరువాత చెప్పినదీ ఉండదు, విన్నదీ ఉండదు. అదీ అక్కను గురించిన జ్ఞాపకమే కదా. మనిద్దరికే తెలుసు, సభలో నిలవదు. ఎల్లుండినుంచి మా అమ్మ నాకు ముద్దలు తినిపించిందని హాయిగా నమ్ముతాను. మీ అమ్మ చిరునవ్వుతో తిరిగేదనీ నమ్ముతాను. నీకూ నాకూ గొడవ ఎందుకు వచ్చిందో ఇద్దరికీ గుర్తుండదు."

ఆమె గరిటె పట్టుకొని నిలబడిపోయింది. అప్పటిదాకా ఈ సంగతి ఆమెకు తట్టినట్లు లేదు.

"నా వేలు సంగతి?" అన్నది.

"కట్టు కట్టిందని ఉంటుంది. దెబ్బ ఉండదు."

"మచ్చ ఉంటుందిగా."

"ఉంటుంది. ఎలా వచ్చిందో అడిగితే తలుపు అని చెబుతావు."

ఆమె నాకు అన్నం పెట్టింది.  కేదారు వచ్చి, మామయ్య దారికి వచ్చాడని తెలిసి సంతోషించి, పుట్టబోయే పిల్లకు పేరు చూడమన్నాడు. మంచి అర్థం ఉండాలట, పిలవడానికి పొట్టిగా ఉండాలట, ఈ అంతస్తులో ఇంకెవరికీ ఉండకూడదట. చూస్తానన్నాను.

అమావాస్య

స్మృతిశాల వసారాలో కూర్చొని ఇది వ్రాస్తున్నాను. జ్ఞాపకాలు పోయడం ఉదయమే అయింది, ఇప్పుడు వరుసగా పిలిచి ఏకపాఠం బంధిస్తున్నారు. లోపల కేదారు కుటుంబం ముందుగా కూర్చొన్నది. తరువాత మందాకిని. పిమ్మట నేను. రేపు దీనిని చదివితే, ఎవరో గర్విష్ఠి ఒక సాధుశీల మీద వ్రాసిన అపనింద అనుకొంటాను. నా దస్తూరీ చూసి సిగ్గుపడి చించివేస్తానేమో కూడా. చించినా తప్పులేదు.

ఇంకొక్కటి ఉన్నది. ఏకపాఠంలో ఆ ఘట్టం ఎలా నిలవబోతున్నదో కేదారు చెప్పాడు. తమ్ముడు పద్యం చదువుతూ ఉంటే వింటూ, చిరునవ్వుతో, ప్రశాంతంగా కన్నుమూసిందని. ఆ వేళ గదిలో ఉన్నది మందాకినీ నేనూ మాత్రమే. కేదారు అక్కడ లేడు.

జరిగినది ఇది. ఆషాఢంలో, మబ్బు పట్టిన ఒక ఉదయం. ఆమె కన్నులు మూసి ఉన్నాయి. ఊపిరి ఉండీ లేనట్లున్నది. ఇక సమయం వచ్చిందనుకొని, భగవంతుణ్ణి శరణు వేడే ఒక ఉత్పలమాల ఎత్తుకొన్నాను. రెండు పాదాలు దాటాను. ఆమె ఒక కన్ను తెరచింది.

"శితీ, నేను ఇంకా పోలేదు. పోయేదాకా ఆగలేవా?"

ఆపివేశాను. మందాకిని నీళ్ళ చెంచా పట్టుకొని అలాగే ఉండిపోయింది.

"ఆపమని ఎవరన్నారు? మూడో పాదం మొదట్లో మాట మింగేశావు. ఇంత వయసొచ్చింది, గొంతులో ఏడుపు పెట్టుకుని పద్యం చదవకూడదని తెలియదా? మళ్ళీ మొదటినుంచి."

మొదటినుంచి ఎత్తుకొన్నాను. మొదటి పాదం. రెండవ పాదం. మూడవ పాదం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గొంతు పట్టింది. ఆమె విసుగ్గా తల అటు త్రిప్పింది.

"ఇప్పుడూ తప్పే," అన్నది.

అదే చివరి మాట. నాలుగవ పాదం ఆమె వినలేదు. అయినా పూర్తిచేశాను.

మందాకిని బయటికి వచ్చింది. ముఖం తేటగా ఉన్నది. నన్ను చూసి నవ్వి, "అమ్మ ఎంత మెత్తని మనిషి కదా మామయ్యా," అన్నది. లోపలినుంచి నా పేరు పిలుస్తున్నారు.